మీ విలియమ్ ఎవరు? ఇంగ్లండ్ చర్చి రిజిస్టర్లలో పూర్వీకులను వెతికేవారికి

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థమవుతుంది. మీ భర్త ఇంగ్లీషువారు. వాళ్ళ పూర్వీకులు నార్‌ఫోక్ కౌంటీలో ఐల్‌షామ్ అనే చిన్న పట్నం చుట్టుపక్కల పల్లెల్లో వ్యవసాయ కూలీలు. పిల్లల కోసం వంశవృక్షం గీస్తూ మీరు 1851 జనాభా లెక్కల దాకా వెళ్ళారు. అక్కడ విలియమ్ అనే 58 ఏళ్ళ కూలీ దొరికాడు, పుట్టిన ఊరు కూడా రాసి ఉంది. అక్కడినుంచి వెనక్కి వెళ్ళబోతే చర్చి రిజిస్టర్ల సూచికలో ఇద్దరు విలియమ్‌లు తేలారు. ఒకరికి 1791లో అదే ఊళ్ళో బాప్తిస్మం ఇచ్చారు, ఇంకొకరికి 1793లో పక్క ఊళ్ళో. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే, ఇద్దరి తండ్రి పేరూ జానే. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షం రెండో విలియమ్‌ని పట్టుకుని ఏకంగా 1590 దాకా వెళ్ళిపోయింది. దాన్ని అలాగే దించుకోవచ్చా అని మీరు అడిగారు.

వద్దండీ. ఆ వృక్షం తప్పని నేను అనడం లేదు. ఆ మొదటి మెట్టుకే రుజువు చూపించలేదు, కాబట్టి దాని మీద కట్టిన రెండు వందల ఏళ్ళు ఇప్పటికి ఎవరివో తెలియదు అంటున్నాను. వయసు సరిగ్గా సరిపోయిందని వాళ్ళు 1793 విలియమ్‌ని తీసుకున్నట్టుంది. పేరు కలిసింది, ఏడాది కలిసింది. కానీ పేరు కలిసినంత మాత్రాన తాత అయిపోడు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా కోడలు ఇంగ్లండ్ అమ్మాయి, వాళ్ళది మీ పక్క కౌంటీ సఫోక్. పద్నాలుగేళ్ళ క్రితం మనవడు పుట్టినప్పుడు వాళ్ళ అమ్మ తరఫు చరిత్ర రాసిపెడదామని మొదలుపెట్టాను. థామస్ అనే అతని బాప్తిస్మం దొరికింది, అక్కడినుంచి నాలుగు తరాలు వెనక్కి వెళ్ళాను. దాదాపు రెండేళ్ళ పని. వియ్యంకుడి డెబ్భయ్యో పుట్టినరోజుకు ఫ్రేము కట్టించి ఇచ్చాను కూడా. తర్వాత ఒకరోజు అదే ఊరి భూస్థాపనల పేజీలు వేరే పని మీద తిరగేస్తుంటే, ‘థామస్, జాన్ కొడుకు, శిశువు’ అనే వరస కనిపించింది. బాప్తిస్మానికీ ఆ తేదీకీ మధ్య ఐదు నెలలు. నేను నాలుగు తరాలు వెనక్కి తీసుకెళ్ళిన థామస్ ఐదు నెలలకే చనిపోయిన పసివాడు. అసలు థామస్ రెండు ఊళ్ళ అవతల పుట్టాడు. వియ్యంకుడి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పి, ఆ ఫ్రేము వెనక్కి తెచ్చుకున్నాను. ఆ రోజునుంచి బాప్తిస్మం దొరికితే ముందు భూస్థాపనల పేజీలు చూడకుండా ఒక్క పేరు కూడా రాయలేదు. మీకు మొదట చెప్పాల్సింది ఇదే.

ఈ రిజిస్టర్లు ఎలా పుట్టాయో కొంచెం తెలిస్తే, ఏ కాలంలో ఏం దొరుకుతుందో మీకే అర్థమవుతుంది. 1538 సెప్టెంబరులో, ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు. ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరి పరిధిలో, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు ఒక పుస్తకంలో రాయాలి, ఆ పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో ఉంచాలి, రాయకపోతే మూడు షిల్లింగుల నాలుగు పెన్నీలు జరిమానా (అప్పట్లో పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు). ఇదేదో కొత్త పన్నుకు ఎత్తు అని జనం భయపడ్డారు. మొదట్లో చాలా ఊళ్ళలో కాగితాల మీద రాశారు, వాటిలో చాలా భాగం పోయాయి. 1598లో తోలు పుస్తకంలోకి పాతవి ఎక్కించమన్నప్పుడు, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచి రాయమన్నారు. చాలామంది పాదిరులు అంతకుముందువి వదిలేశారు. అందుకే ఎన్నో ఊళ్ళ రిజిస్టర్లు సరిగ్గా 1558లో మొదలవుతాయి.

1598 ఆజ్ఞలో ఇంకో మేలు కూడా ఉంది. ప్రతి ఏడాదీ ఆ ఏడాది వివరాల నకలు బిషప్‌కు పంపాలన్నారు. వీటిని బిషప్ నకళ్ళు అంటారు. అసలు పుస్తకం ఎలుకలు కొట్టినా, తడిసినా, ఆ నకలు బతికి ఉండొచ్చు. రెండూ ఉన్నప్పుడు రెండూ చూడండి. నకలు రాసేటప్పుడు పాదిరి ఒక పేరు వదిలేసి ఉండొచ్చు, లేదా అసలులో లేని వివరం నకలులో చేర్చి ఉండొచ్చు. రెంటిలో వేరువేరు ఇంటిపేర్లు కనిపించిన సందర్భాలు నా అనుభవంలో ఉన్నాయి. నార్‌ఫోక్ రిజిస్టర్ల పేజీలు, బిషప్ నకళ్ళు చాలావరకు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో చూడొచ్చు, దానికి డబ్బు కట్టనక్కర్లేదు. అసలు పుస్తకాలు నార్విచ్‌లోని నార్‌ఫోక్ రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. మీరు ఉండేది ఇంగ్లండ్‌లోనే కాబట్టి, మీ ఊరి లైబ్రరీలో యాన్సెస్ట్రీ గానీ ఫైండ్‌మైపాస్ట్ గానీ, అంటే డబ్బు కట్టి వాడే వంశచరిత్ర సైట్లు, ఉచితంగా వాడుకోనిస్తారేమో అడగండి, చాలాచోట్ల ఇస్తారు. ఫ్రీరెగ్ అనే సైటులో వలంటీర్లు పేజీ పేజీ చదివి ఎక్కించిన వివరాలు ఉంటాయి.

అయితే సూచికలో పేరు చూసి ఆగిపోకండి, పేజీ బొమ్మ తెరవండి. సూచిక ఎవరో చదివి టైపు చేసినది. పేజీలో ఉన్న ‘పేదవాడు’, ‘కవలలు’, ‘ఇంట్లో ఇచ్చిన బాప్తిస్మం’, ‘ఫలానా ఊరివాడు’ లాంటి మాటలు సూచికలోకి రాకపోవచ్చు. మనకు కావలసింది చాలాసార్లు ఆ చిన్న మాటే.

ఇప్పుడు మీ ఇద్దరు విలియమ్‌ల దగ్గరికి వస్తాను.

వయసు సంగతి ముందు. 1851 మార్చి 30 రాత్రి లెక్క ప్రకారం 58 అంటే 1792, 1793 మధ్య పుట్టినవాడు. కానీ ఆ కూలీలలో ఎక్కువమందికి సొంత వయసు కచ్చితంగా తెలియదు. రెండేళ్ళు అటూ ఇటూ మామూలే. మొదటి అతనికి బాప్తిస్మం 1791 జూన్ అంటున్నారు కదా, అంటే 1851 మార్చికి 59 దాటి ఉంటాడు. ఒక్క ఏడాది తేడా. పుట్టిన ఊరు మాత్రం మొదటి అతనికే సరిపోతోంది. 1841 లెక్కల్లో వయసు చూసి తికమకపడకండి. అందులో పదిహేను దాటినవాళ్ళ వయసును ఐదేళ్ళకు కిందికి కుదించి రాయమన్నారు. 48 ఏళ్ళవాడు 45 అయిపోతాడు. అతను 1861లో బతికి ఉంటే ఆ లెక్కలు కూడా తీయండి, పుట్టిన ఊరు అక్కడ ఏమని చెప్పాడో చూడండి. రెండుసార్లూ ఒకే ఊరు చెబితే బలం. వేరువేరుగా చెబితే, పెరిగిన ఊరినే పుట్టిన ఊరనుకున్నాడేమో ఆలోచించాలి.

ఇక్కడ మీ కేసులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 1783 అక్టోబరు నుంచి 1794 దాకా ఇంగ్లండ్‌లో రిజిస్టరులో రాసే ప్రతి వరసకూ మూడు పెన్నీల పన్ను ఉండేది. ఆ రోజుల్లో నార్‌ఫోక్ కూలీకి వారమంతా పనిచేస్తే ఏడెనిమిది, మహా అయితే తొమ్మిది షిల్లింగులు వచ్చేవి. ఇంటినిండా పిల్లలున్నవాడికి మూడు పెన్నీలు లెక్కే. పరమ పేదలకు మినహాయింపు ఉంది, అందుకే ఆ ఏళ్ళలో పేరు పక్కన ‘పేదవాడు’ అనో, ఇంగ్లీషు పి అక్షరమో కనిపిస్తుంది. మీ ఇద్దరు విలియమ్‌లూ సరిగ్గా ఈ పన్ను ఏళ్ళలో పడ్డారు. ఆ కాలంలో కొందరు తల్లిదండ్రులు బాప్తిస్మం వాయిదా వేసి, పన్ను పోయాక నలుగురు పిల్లలకూ ఒకే రోజు ఇప్పించారు. కాబట్టి మీ విలియమ్ ఈ ఇద్దరిలో ఎవరూ కాకపోవచ్చు కూడా. 1792లో పుట్టి 1795లోనో 1798లోనో అన్నదమ్ములతో కలిసి బాప్తిస్మం పొందిన మూడో విలియమ్ ఉండొచ్చు. రెండు ఊళ్ళలోనూ 1800 దాకా బాప్తిస్మాల పేజీలు ఒక్కొక్కటీ తిప్పండి. నార్‌ఫోక్‌లో ఆ కాలపు రిజిస్టర్లలో ఒక సౌకర్యం ఉంది. కొన్ని ఊళ్ళలో 1780ల తర్వాత తల్లి పెళ్ళికి ముందరి ఇంటిపేరు కూడా రాశారు. మీ రెండు జాన్‌లలో ఎవరి భార్య ఎవరో దానితో తేలిపోవచ్చు.

తర్వాత భూస్థాపనలు. 1813కు ముందు భూస్థాపన వరసలో సాధారణంగా వయసు ఉండదు, కానీ చనిపోయింది పిల్లవాడైతే ‘ఫలానావారి కొడుకు’ అనో ‘శిశువు’ అనో రాస్తారు. జార్జ్ రోజ్ అనే పార్లమెంటు సభ్యుడు తెచ్చిన చట్టం 1813 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి అచ్చు గీతల పుస్తకాలు, పేజీకి ఎనిమిది వరసలు, భూస్థాపనకు వయసు, నివాసం, బాప్తిస్మానికి తండ్రి వృత్తి వచ్చాయి. కాబట్టి రెండు ఊళ్ళ భూస్థాపనలు 1791 నుంచి కనీసం 1815 దాకా చూడండి. ఒక విలియమ్ పసితనంలోనే పోయి ఉంటే మీ సమస్య సగం తీరుతుంది. ఇంకో గుర్తు ఏమిటంటే, అదే దంపతులు రెండు మూడేళ్ళ తర్వాత మళ్ళీ ఇంకో కొడుక్కి విలియమ్ అనే పేరు పెట్టారంటే, మొదటివాడు దాదాపుగా చనిపోయినట్టే. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం అక్కడ ఎంతో మామూలు. ఆ పేజీలు చదువుతుంటే మనసు బరువెక్కుతుంది, ఒకే ఇంట్లో ముగ్గురు మేరీలు వరసగా కనిపిస్తారు.

ఇద్దరూ బతికి పెద్దవాళ్ళయితే, మీది కాని విలియమ్‌ని కూడా చివరిదాకా వెంబడించాలి. చాలామంది చేయని పని ఇదే. అతను ఎవరిని పెళ్ళి చేసుకున్నాడు, 1851లో ఎక్కడున్నాడు, ఎప్పుడు చనిపోయాడు? పక్క ఊళ్ళో పుట్టినట్టు చెప్పుకున్న 57 ఏళ్ళ విలియమ్ 1851 లెక్కల్లో విడిగా వేరే ఇంట్లో కనిపిస్తే, 1793 బాప్తిస్మం అతనిది. అప్పుడు మీకు మిగిలేది ఒక్కడే.

పెళ్ళి 1816లో మూడో ఊళ్ళో జరిగిందని మీరు రాశారు. పెళ్ళి సాధారణంగా అమ్మాయి ఊళ్ళో జరిగేది, అందుకే మూడో ఊరు. 1754 మార్చి 25 నుంచి హార్డ్‌విక్ చట్టం వల్ల పెళ్ళి రిజిస్టరుకు ఒక రూపం వచ్చింది. అబ్బాయి పారిష్, అమ్మాయి పారిష్, సంతకాలు లేదా వేలిగుర్తులా పెట్టే ఇంటూ గుర్తులు, ఇద్దరు సాక్షులు. పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు చర్చిలో బాన్స్ చదవాలి, అంటే ఫలానావాళ్ళు పెళ్ళి చేసుకోబోతున్నారు, అభ్యంతరం ఉంటే చెప్పండి అనే ప్రకటన. అబ్బాయిది వేరే ఊరైతే అక్కడ కూడా చదవాలి. పెళ్ళి పేజీలో ‘ఈ పారిష్‌వాడు’ అని ఉన్నా అంతటితో నమ్మేయకండి, ఆ కొద్ది వారాలు అక్కడ పనిచేస్తూ ఉన్నా అలాగే రాసేవారు. అందుకే బాన్స్ పుస్తకం విడిగా మిగిలి ఉంటే తప్పక చూడండి. మీ ఇద్దరు విలియమ్‌ల ఊళ్ళలో ఎక్కడ ఈ పెళ్ళి ప్రకటన చదివారో అక్కడ దారి దొరుకుతుంది. సాక్షుల పేర్లు కూడా రాసుకోండి. పెళ్ళికూతురు అన్నో, పెళ్ళికొడుకు చెల్లెలో అయి ఉంటారు. కానీ అదే పేరు ఆ పుస్తకంలో ప్రతి పెళ్ళికీ సాక్షిగా కనిపిస్తే, ఆయన చర్చి గుమాస్తా. చుట్టం కాదు.

విలియమ్ భార్య ముందే చనిపోయి, అతను 1837 తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడా? ఇది తప్పకుండా వెతకండి. 1837 జూలై 1 నుంచి ఇంగ్లండ్‌లో ప్రభుత్వ నమోదు మొదలైంది. అప్పటినుంచి పెళ్ళి సర్టిఫికెట్లో వధూవరుల తండ్రుల పేర్లు, వాళ్ళ వృత్తులు ఉంటాయి. 45 ఏళ్ళ వయసులో చేసుకున్న రెండో పెళ్ళి ఒక్కటి, 1790లలో పుట్టినవాడి తండ్రి పేరు చెప్పేస్తుంది. మరణ సర్టిఫికెట్ కోసం డబ్బు పెట్టేముందు ఆలోచించుకోండి, ఆ కాలపు ఇంగ్లండ్ మరణ సర్టిఫికెట్లో పెద్దవాళ్ళ తల్లిదండ్రుల పేర్లు ఉండవు. అతని పిల్లల్లో 1837 తర్వాత పుట్టినవాళ్ళు ఉంటే, ప్రభుత్వ సూచికలోనే తల్లి పుట్టింటి పేరు కనిపిస్తుంది. 1816 పెళ్ళి మీవాళ్ళదేనా అన్నది దానితో సరిచూసుకోవచ్చు.

కూలీల చరిత్ర దొరికే ఇంకో గొప్ప చోటు పారిష్ పెట్టెలోని మిగతా కాగితాలు. చాలామంది రిజిస్టర్లతో ఆపేస్తారు, నాకు మాత్రం వీటి మీదే ఎక్కువ ప్రేమ. 1662 చట్టం ప్రకారం పేదవాడు కష్టంలో పడితే సాయం చేయాల్సింది అతనికి ‘సెటిల్‌మెంట్’ ఉన్న ఊరే. అక్కడ పుట్టడం, ఏడాదిపాటు జీతానికి కుదరడం, పని నేర్చుకోవడానికి అప్రెంటిస్‌గా ఉండటం లాంటివాటితో ఆ హక్కు వచ్చేది. వేరే ఊళ్ళో సాయం అడిగితే మేజిస్ట్రేట్ల ముందు కూర్చోబెట్టి ప్రశ్నించేవారు: ఎక్కడ పుట్టావు, మీ నాన్న ఊరేది, ఎవరి దగ్గర ఎన్నాళ్ళు పనిచేశావు, ఎవరిని పెళ్ళి చేసుకున్నావు, పిల్లలెందరు? ఆ జవాబులన్నీ రాసి సంతకం పెట్టించేవారు. చదువురాని కూలీ తన జీవితాన్ని సొంత నోటితో చెప్పిన కాగితం అది. మా కోడలి వాళ్ళ అసలు థామస్ దొరికింది అలాంటి ఒక్క కాగితంలోనే. తండ్రి పేరు, పుట్టిన ఊరు, పన్నెండేళ్ళకు ఏ రైతు దగ్గర పనికి చేరాడో అన్నీ అందులో ఉన్నాయి. అడుగున ఇంటూ గుర్తు. కలం పట్టడం అలవాటులేని చెయ్యి కాబట్టి గుర్తు వంకరగా ఉంది. ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

మీ రెండు ఊళ్ళకు ఇలాంటి సెటిల్‌మెంట్ విచారణలు, పేదలను సెటిల్‌మెంట్ ఉన్న ఊరికి వెనక్కి పంపిన ఉత్తర్వులు, పేదల సాయం లెక్కలు మిగిలి ఉన్నాయేమో నార్‌ఫోక్ రికార్డ్ ఆఫీసు కేటలాగులో ఊరి పేరుతో వెతకండి. అక్కడి సిబ్బందికి మెయిల్ రాసేటప్పుడు ఊరి పేరు, ఏళ్ళు, మీకు ఇప్పటికే తెలిసినది స్పష్టంగా రాయండి.

ఇవన్నీ చేశాక విలియమ్ తండ్రి జాన్ ఎవరో తేలిందనుకుందాం. అక్కడినుంచి వెనక్కి పోయేకొద్దీ దారి ఇరుకవుతుంది. హార్డ్‌విక్ చట్టానికి ముందు పెళ్ళి వరసలో తరచు రెండు పేర్లు, తేదీ మాత్రమే ఉంటాయి. బాప్తిస్మంలో కొన్నిచోట్ల తల్లి పేరే ఉండదు. 1733 దాకా కొందరు పాదిరులు లాటిన్‌లో రాశారు. పేర్లు మారిపోతాయి: విలియమ్ గులియెల్మస్ అవుతాడు, జేమ్స్ జాకోబస్ అవుతాడు, చార్లెస్ కరోలస్ అవుతాడు. లాటిన్ చూసి టెన్షన్ పడనక్కర్లేదు. కొడుకు, కూతురు, భార్య, విధవ, సమాధి అనే పదీ పదిహేను మాటలు నేర్చుకుంటే సరిపోతుంది. నిజంగా కష్టపెట్టేది చేతిరాత. 1500లు, 1600లలో వాడిన సెక్రటరీ రాతలో ఇంగ్లీషు సి అక్షరం ఆర్ లాగా, ఇ అక్షరం తిరగబడినట్టు ఉంటుంది. ఒకే పాదిరి రాసిన పేజీలోంచి మీకు కచ్చితంగా తెలిసిన పేర్లు, జాన్, మేరీ లాంటివి, తీసుకుని ఆయన ఒక్కో అక్షరం ఎలా రాస్తాడో కాగితం మీద వేసుకోండి. రెండు రోజుల్లో కన్ను అలవాటుపడుతుంది.

తేదీల దగ్గర అందరూ ఒకసారైనా పొరపడతారు. 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అంటే 1642 డిసెంబరు తర్వాత వచ్చే జనవరి కూడా 1642 జనవరే. ఐజాక్ న్యూటన్ అప్పటి ఇంగ్లండ్ లెక్కలో 1642 డిసెంబరు 25న పుట్టాడు, లింకన్‌షైర్‌లోని కోల్‌స్టర్‌వర్త్ చర్చిలో వారం తర్వాత జనవరి 1న బాప్తిస్మం. ఈ సంగతి తెలియనివాడు ఆ వరసను 1642 జనవరి అని రాసుకుంటే, పుట్టడానికి పదకొండు నెలలకు పైగా ముందే బాప్తిస్మం అయిపోతుంది! జనవరి నుంచి మార్చి 24 దాకా ఉన్న తేదీలకు 1642/43 అని రెండు ఏళ్ళూ రాసుకోండి. 1752లోనే క్యాలెండరు సరిచేయడానికి సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14 వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు పేజీలో పదకొండు రోజులు కనిపించకపోతే ఏదో పోయిందనుకోకండి.

రిజిస్టరు ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నదానికి షేక్‌స్పియర్ కుటుంబాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. స్ట్రాట్‌ఫర్డ్ చర్చి రిజిస్టరులో 1564 ఏప్రిల్ 26న ‘జాన్ కొడుకు గులియెల్మస్’ బాప్తిస్మం ఉంది. ఏప్రిల్ 23న పుట్టాడని లోకమంతా జరుపుకుంటుంది, కానీ ఆ తేదీ ఊహే. రిజిస్టరు ఇచ్చేది బాప్తిస్మం తేదీ మాత్రమే. పైగా ఇప్పుడున్న పేజీ 1600 ప్రాంతంలో ఎక్కించిన నకలు. అదే ఏడాది జూలైలో ఆ పుస్తకం అంచున ‘ఇక్కడ తెగులు మొదలైంది’ అని లాటిన్‌లో రాశారు, ప్లేగు వచ్చింది. ఆయన పెళ్ళి మాత్రం ఏ ఊరి రిజిస్టరులోనూ దొరకలేదు. 1582 నవంబరులో వూస్టర్ బిషప్ కార్యాలయంలో రాసిన పెళ్ళి లైసెన్సు కాగితాలు ఉన్నాయి. ఒక రోజు చిట్టాలో వధువు పేరు ఆన్ వాట్లీ, మరుసటి రోజు పూచీపత్రంలో ఆన్ హాత్‌వే. గుమాస్తా పొరపాటని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కొడుకు హామ్నెట్‌కు 1585 ఫిబ్రవరిలో బాప్తిస్మం, 1596 ఆగస్టు 11న భూస్థాపన. అంత గొప్పవాడి ఇంట్లోనే ఇన్ని ఖాళీలు ఉన్నాయి. ఐల్‌షామ్ కూలీ ఇంట్లో ఉండవా?

ఇంటిపేరు అక్షరాల గురించి కూడా ఇదే చెబుతాను. పాదిరి విన్నట్టు రాశాడు, చెప్పినవాడికి అక్షరం రాదు. ఒకే తండ్రి ముగ్గురు పిల్లల బాప్తిస్మాల్లో ఇంటిపేరు మూడు రకాలుగా ఉంటే అది మూడు కుటుంబాలు కాదు. మన ఓటరు కార్డులో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా ఇంటిపేరు ఉండటం మనకు తెలియనిదా?

ఇంకా వెనక్కి వెళ్తే 1640, 1650లు వస్తాయి. రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో ఎందరో పాదిరులను తొలగించారు, ఎన్నో పుస్తకాలు ఆగిపోయాయి. 1653లో రిజిస్టరు రాసే పని ఊరివాళ్ళు ఎన్నుకున్న ఉద్యోగికి ఇచ్చారు, పెళ్ళిళ్ళు మేజిస్ట్రేట్ల ముందు జరిగాయి, బాప్తిస్మం బదులు పుట్టిన తేదీ రాశారు. 1660లో రాచరికం తిరిగొచ్చాక అంతా పాత పద్ధతికి వెళ్ళింది. ఈ ఇరవై ఏళ్ళ గుంట దాటడానికి తోడ్పడేవి ఎక్కువగా వీలునామాలు. కానీ వీలునామా రాయడానికి ఆస్తి ఉండాలి. అందుకే ఒక కూలీ కుటుంబం ఏ ఆటంకమూ లేకుండా 1590 దాకా దొరికిందని ఎవరైనా అంటే, ఆ గుంటను ఎలా దాటారో అడగండి. నా అనుభవంలో భూమి లేని కుటుంబాలకు 1700 ప్రాంతం దాకా నికరంగా వెళ్ళగలిగితే అది మంచి ఫలితం. 1720 దగ్గర ఆగిపోయినా చిన్నతనం కాదు. పిల్లలకు ఆరు తరాలు నిజమైనవి ఇస్తే చాలు, పన్నెండు తరాలు అనుమానంగా ఇవ్వడం కంటే.

ఏ రిజిస్టరులోనూ దొరకకపోతే, ఆ కుటుంబం దేశపు అధికారిక చర్చి అయిన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు చెందనిదేమో చూడాలి. నార్విచ్ ప్రాంతంలో క్వేకర్లు, ఇండిపెండెంట్లు, బాప్టిస్టులు లాంటి వేరే క్రైస్తవ శాఖలవాళ్ళు బలంగా ఉండేవారు. జైళ్ళ సంస్కరణకు పేరు పొందిన ఎలిజబెత్ ఫ్రై నార్విచ్ క్వేకర్ కుటుంబంలో పుట్టిందే. క్వేకర్లు బాప్తిస్మం ఇవ్వరు, పుట్టుక మాత్రం రాసుకుంటారు. బాప్టిస్టులు పసిపిల్లలకు ఇవ్వరు. ఇలాంటివారి పాత పుస్తకాలు చాలావరకు లండన్ దగ్గర క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరాయి.

చివరలో మీరు ఇంకో మాట అడిగారు. విలియమ్ తమ్ముడు ఒకడు సైనికుడిగా ఇండియా వెళ్ళి సికింద్రాబాద్‌లో చనిపోయాడని మీ అత్తగారి ఇంట్లో చెప్పుకుంటారని. దీన్ని వదిలేయకండి, మీ చిక్కుముడికి ఇదే తాళంచెవి కావచ్చు. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనల నకళ్ళు లండన్‌కు పంపేవారు. సికింద్రాబాద్ దండువి కూడా అందులోనే వస్తాయి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులలో ఉన్నాయి, మద్రాసు వరసకు గుర్తు ఎన్/2. ఫిబిస్ అనే సంఘం ఇలాంటి కుటుంబాల కోసం సూచికలు తయారుచేస్తోంది. అసలు లాభం ఇంకోటి ఉంది. సైనికుడి చేరిక కాగితాలు, డిశ్చార్జి కాగితాలు మిగిలి ఉంటే వాటిలో తరచు పుట్టిన పారిష్ రాసి ఉంటుంది. తమ్ముడి పారిష్ తెలిస్తే అన్న ఏ ఊరివాడో బలమైన ఆధారం దొరికినట్టే. నార్‌ఫోక్ పల్లెలో తేలని సంగతి సికింద్రాబాద్‌లో చనిపోయినవాడి కాగితంలో తేలవచ్చు.

ఈ వారం మాత్రం ఒక్క పని చేయండి. రెండు ఊళ్ళ భూస్థాపనల పేజీలు 1791 నుంచి 1815 వరకు బొమ్మలుగా తెరిచి, మీ ఇంటిపేరున్న ప్రతి వరసా తేదీతో సహా రాసుకోండి. విలియమ్ పేరున్నది కనిపిస్తే దాని పైనా కిందా ఉన్న నాలుగు వరసలతో కలిపి పేజీ బొమ్మ ఇక్కడ పెట్టండి. పాదిరి చేతిరాత అర్థం కాకపోతే నేను చదివి చెబుతాను.